కాన్వాయ్ ముందు కోటిబాబు

మా ఊళ్లో కోటిబాబును ఎరగనివాళ్లు లేరు. కొన్నేళ్ల కిందటి వరకు ఎరగడమంటే భయపడటమే. నాపరాయి క్వారీలో టిప్పరు నడిపేవాడు. వాడి హారను వినపడితే రెంటచింతల రోడ్డు మీద మేకలు కూడా కాపరి చెప్పకుండానే మార్జిను దిగిపోయేవి. నా పురుగుమందుల కొట్టు ఆ రోడ్డు వారనే. వాడు పోయిన ప్రతిసారీ డబ్బాల మీద దుమ్ము తుడుచుకోవడం, వాణ్ని తిట్టుకోవడం నాకు దినచర్య. నాకు కోపం ఎక్కువని ఊళ్లో అంటారు. ఆ దుమ్ము ఒక్కరోజు వాళ్లు తుడిచి ఉంటే అప్పుడు మాట్లాడాలి.

అలాంటి కోటిబాబు ఎవరో ఏజెంటును పట్టుకుని పోలండు పోయి, అక్కడొక ట్రక్కు కంపెనీలో డ్రైవరుగా చేరాడు. పోలండులో సరుకు ఎక్కించుకోవడం, జర్మనీలోనో హాలండులోనో దించడం. మంచుకు తట్టుకోవడానికి కంపెనీవాళ్లు మోకాళ్ల దాకా వచ్చే మందపాటి కోటు ఇచ్చారు. ఆ కోటులో ఉన్న ఫోటో పంపిస్తే ఊరంతా చూసింది. పిడుగురాళ్ల సున్నపు బట్టీ ముందు నిలబడ్డా చెమట పట్టని మనిషి అంత కోటులో వణకడం చూసి అందరం నవ్వుకున్నాం.

అక్కడ వాడికి తగిలిన మొదటి దెబ్బ నిమ్మకాయ దగ్గర. మన లారీ డ్రైవరు ఎవడైనా సరే, కొత్త బండి ఎక్కితే ముందు నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు దారానికి గుచ్చి బంపరుకు కట్టనిదే క్లచ్ మీద కాలు పెట్టడు. కోటిబాబుకు కంపెనీ సరికొత్త ట్రక్కు ఇచ్చింది. దానికి దిష్టి తగలదా? ఏదో ఊళ్లో టర్కీవాళ్ల కూరగాయల కొట్టు వెతుక్కుని మరీ దండ గుచ్చి కట్టాడు. అది సరిగ్గా నంబరు ప్లేటు మీదికి వేలాడింది. మూడో రోజో నాలుగో రోజో జర్మనీలో ఒక ఊరి మధ్య నుంచి పోతుంటే పక్కనున్న స్తంభం తళుక్కున మెరిసింది. యాభై పోవాల్సిన చోట వీడు డెబ్భై పోతున్నాడు. ఊళ్లోకి వచ్చినందుకు ఫోటో తీశారేమో, మర్యాద తెలిసినవాళ్లు అనుకున్నాడట.

కొన్ని వారాలకు ఆ ఫోటో కంపెనీకి వచ్చింది. అందులో కోటిబాబు మొహం స్పష్టంగా ఉంది. నంబరు ప్లేటు ఉండాల్సిన చోట అరడజను పచ్చిమిరపకాయలున్నాయి. బండి నెత్తిన కంపెనీ పేరు బారెడు అక్షరాలతో ఉండబట్టి దొరికారు. వేగానికి ఒక జరిమానా సరే, నంబరు కెమెరాకు చిక్కకుండా కావాలనే దాచారని ఇంకో గొడవ. మేనేజరమ్మ వీణ్ని కూర్చోబెట్టి, ఆ మిరపకాయలేమిటో చెప్పమంది. వీడు ఫోనులో తెలుగులో చెబితే ఫోను పోలిష్‌లోకి మార్చి చెప్పాలి. దిష్టి అంటే ఏమిటో ఆ ఫోనుకు తెలియదు. అసూయపడే కళ్ల నుంచి కాపాడటానికి కూరగాయలు అని చెప్పిందట. జర్మనీ పోలీసులు అసూయపడుతున్నారని వీడు ఆరోపిస్తున్నాడనుకుని ఆవిడ ఇంకా మండిపడింది.

అప్పటి నుంచి కోటిబాబు మారిపోయాడు. ఎంత మారాడో వాడు తిరిగొచ్చాకగాని మాకు తెలియలేదు.

తిరిగొచ్చింది ఉండిపోదామనే. భార్య శ్రీదుర్గ, ఆరేళ్ల కూతురు సంజన ఇక్కడ, తనొక్కడు అక్కడ, ఎన్నాళ్లని? కానీ ఉండాలంటే పని కావాలి. క్వారీకి పోతే యజమాని వారానికే దండం పెట్టాడు. మిగతా టిప్పర్లు రెండు ట్రిప్పులు వేసేలోగా వీడు ఒకటి వేస్తున్నాడు. మాచర్లకు ఆటో వేస్తే, ఎక్కినవాళ్లు సగం దారిలో దిగి బస్సెక్కారు. రోడ్ల శాఖవాళ్లు ఏనాడో పాతి మరచిపోయిన బోర్డులన్నీ వీడికి కనిపించేవి. మా ఊరి మలుపులో ముప్పై అని ఒక బోర్డు ఉందని నాకు పుట్టి బుద్ధెరిగాక తెలియదు. దాని మీద ఎవరో ట్యూషన్ సెంటరు కాగితం అంటిస్తే, బండి ఆపి, కాగితం గీకి, కింద అంకె చూసి మరీ పోయాడు వీడు.

పోలండు కంపెనీ నుంచి మళ్లీ ఫోన్లు మొదలయ్యాయి. నెలాఖరుకు వస్తే పాత ట్రక్కే ఇస్తామంటున్నారు. కోటు ఇంట్లో చిలక్కొయ్యకు వేలాడుతూనే ఉంది. ఒకరోజు శ్రీదుర్గ కొట్టుకు వచ్చింది.

"బాబాయ్, నాగభూషణరావుగారికి డ్రైవరు లేడంట గదా. మా ఆయన్ని పెట్టించు. ఇదొక్కటి కుదిరితే ఉంటాడు. లేదా, ఆ కోటేసుకొని పోతాడు. నాకా కోటు చూస్తంటే చానా బాధగా ఉంటంది."

నాగభూషణరావు నాకు బావ. ఊళ్లో పెద్ద రైతు, అంతకన్నా పెద్ద రాజకీయం. సర్పంచి సీటు ఈసారి ఆడవాళ్లకు వచ్చేసరికి మా అక్క వెంకటరమణమ్మను నిలబెడుతున్నాడు. నిలబెడుతున్నాడు అనే అంటారు మా ఊళ్లో. ఆమె నిలబడుతోంది అని ఎవరూ అనరు. బావ పాత డ్రైవరు అవతలి వర్గంలోకి దూకాడు. అందుకని కోటిబాబును తీసుకెళ్లి చూపించాను. వీడు మంచి డ్రైవరని నా నోటితో నేనే చెప్పాను. తర్వాత ఆ నోటిని తిట్టుకున్నాను.

ఆ రోజు బావ మంచి ఊపు మీదున్నాడు. యూరప్ సంగతులు చెప్పమన్నాడు.

"ఊళ్లో యాభై అండి. ఇళ్ల మధ్యన ముప్పై. పెద్దరోడ్డు మీద మా ట్రక్కుకు ఎనభై" అన్నాడు కోటిబాబు. "కొన్నిచోట్ల ఈ కెమెరా కాడ ఒక ఫోటో, ముందు కెమెరా కాడ ఒక ఫోటో తీసి, మధ్యన ఎంతసేపట్లో వచ్చామో లెక్కేస్తారండి. కెమెరా కాడ బ్రేకేసి, దాటినాక తొక్కుదామంటే కుదరదు."

"పోలీసోళ్లకు ఫోన్ చేయించుకుంటే?"

"కెమెరాకు ఫోను లేదండి."

బావ ఆ దేశం మీద జాలిపడ్డాడు.

"ఫిన్లాండని ఒక దేశముందండి. అక్కడైతే చానా స్పీడుపోయినోళ్లకు వాళ్ల రాబడినిబట్టి జరిమానా. కోటీశ్వరుడైతే లక్షలు కట్టాల."

బావ పగలబడి నవ్వాడు. "అయితే నన్నేం చెయ్యలేరురా. నా పేరున గజం నేల లేదు. పొలం, ఇల్లు, మిల్లు, ఆఖరికి కారు కూడా మీ అమ్మగారి పేరునే ఉంది. ఏమే, అంతే గదా?"

అక్క కాఫీ గ్లాసులు తీసుకుపోతూ, "సంతకాలు పెట్టమన్న చోటల్లా పెట్టా" అంది.

"నామినేషన్ రోజు నడుపు. బాగా నడిపితే నువ్వే నా డ్రైవరు" అన్నాడు బావ. కోటిబాబు మొహం చూడాలి అప్పుడు.

నామినేషన్ల చివరి రోజు మధ్యాహ్నం మూడు దాటాకగాని మంచి ఘడియ లేదని పంతులుగారు చెప్పారు. రెంటచింతలలో నామినేషన్లు తీసుకునే ఆఫీసు గేటు అయిదుకు మూస్తారు. ఈలోగా కాలనీ, పాత ఊరు చుట్టి బలం చూపించి మరీ పోవాలని బావ పట్టు. ముందు తెల్ల కారు. అందులో స్టీరింగు దగ్గర కోటిబాబు, పక్కన బావ, వెనక అక్క, ప్రతిపాదకుడిగా కాగితాల ఫైలు పట్టుకుని నేను. మా వెనక మోటారు సైకిళ్లు, ట్రాక్టర్లు, అన్నిటికీ చివర డీజే వ్యాను.

బయలుదేరడమే ఒక ప్రహసనం. అందరూ బెల్టు పెట్టుకుంటేగాని కోటిబాబు తాళం తిప్పడు. వెనక సీట్ల బెల్టులు సీటు కవర్ల కింద పెట్టి కుట్టేసి ఉన్నాయి. కొబ్బరికాయ కొట్టడానికి తెచ్చిన కత్తితోనే ఆ కుట్లు కోశాం.

తర్వాత కదిలాం. కదిలామంటే కదిలామంతే.

మా వైపు నామినేషన్ ఊరేగింపులో అభ్యర్థి కారును దాటి ఎవడూ ముందుకు పోకూడదు. పోతే, నాయకుణ్ని దాటేంతవాడివయ్యావా అని ఆ రాత్రే పంచాయితీ. కాబట్టి కోటిబాబు ముప్పై పోతే ఊరంతా ముప్పై పోవాలి. సైలెన్సర్లు ఊడదీసి ఎగిరిపోదామని వచ్చిన కుర్రాళ్లు రెండో గేరులో కాళ్లు నేలకానించుకుంటూ వస్తున్నారు. ఇంజన్ల వేడికి, నెత్తిన ఎండకు వాళ్ల నినాదాలు కూడా నీరసించాయి. ఎదురొచ్చిన ఒక పెద్దాయన తువ్వాలు తీసి చేతులు జోడించి పక్కకు నిలబడ్డాడు. శవయాత్ర అనుకున్నాడని నా అనుమానం.

"తొక్కరా" అన్నాడు బావ.

"ఇళ్ల మధ్యనండి."

"ఇక్కడ కెమెరాలున్నాయంట్రా నీ మొహానికి?"

కోటిబాబు అదే వేగంలో పోయాడు. బడి ముందు రోడ్డు దాటడానికి గీసిన తెల్ల చారలు కనపడేసరికి పూర్తిగా ఆపేశాడు. చారల పక్కన దిమ్మె మీద గంగమ్మ కూర్చుని ఉంది. కాలనీలో ముసలామె. కోటిబాబు చెయ్యి ఊపి దాటమన్నాడు. ఆమె కదల్లేదు. మళ్లీ ఊపాడు. వెనక హారన్లు మొదలయ్యాయి.

"నేను దాటట్లేదురా! కూర్చోనుండా!" అని అరిచింది గంగమ్మ. కానీ ఇంత పటాలం తనకోసం ఆగిందని తెలిశాక ఆమెకూ ఒక హోదా వచ్చింది. లేచి, కర్ర పట్టుకుని, నింపాదిగా కారు దగ్గరికి వచ్చింది. అక్క అద్దం దించింది.

"రవణమ్మా, పోటీ చేసేది నువ్వంటనే? మీ ఆయన అనుకున్నానే!"

"నేనే పెద్దమ్మా."

"మరి గోడల మీద ఆయన బొమ్మే ఉంది గదా. మా ఈధి కుళాయి ఎండిపోయి ఎన్నాళ్లయిందో తెలుసా నీకు?"

"కుళాయి కాదు పెద్దమ్మా, పైన వాల్వు పోయింది. గెలిచినా ఓడినా అది బాగు చేయిస్తా" అంది అక్క.

నేను, బావ ఒకేసారి ఆమె వైపు తిరిగాం. నేను తిరగడమెందుకంటే, పక్కన కూర్చున్నది అక్కేనా అని. వాల్వు సంగతి ఆమెకు ఎలా తెలుసు? ఆ నీళ్లు పట్టుకునేది ఆడవాళ్లు గదా, తెలియకేం. కారు నిలబడి ఉండటం చూసి ఇంకో పదిమంది ఆడవాళ్లు వచ్చారు. అందరితోనూ అక్క మాట్లాడింది. ఎన్నేళ్లుగా లోపల దాచుకుందో గాని, మాటలు ఆగలేదు.

బావకు పిచ్చెక్కిపోయింది. టైము నాలుగు దాటింది. "ఒరేయ్, దిగు! నేను నడుపుతా. ఎందుకురా నీకంత భయం?"

కోటిబాబు బెల్టు తీసుకున్నాడు గాని వెంటనే దిగలేదు. నా వైపు తిరిగాడు.

"భయం జరిమానాకు కాదు బాబాయ్. ఆ కెమెరా తీసిన ఫోటో ఉంది గదా, నవ్వుకుంటదని శ్రీదుర్గకు పంపించా. పాప చూసింది. చూసి వాళ్లమ్మ వెనక దాక్కుందంట. నాన్న ఎవర్ని కొట్టడానికి పోతన్నాడు అని అడిగిందంట." స్టీరింగు మీద నుంచి చేతులు తీశాడు. "నేను మళ్లీ చూసుకున్నా బాబాయ్. పళ్లు కొరుకుతా, కళ్లెర్ర చేసుకొని ఉండా. తొక్కేటప్పుడు నా మొహం అట్టా ఉంటదని నాకు తెలవదు. ఇన్నేళ్లు ఈ రోడ్ల మీద ఆ మొహంతోనే తిరిగానా?"

కోపిష్ఠివాణ్ని కాబట్టి, నా కళ్లు ఎవరికీ కనపడకుండా కిటికీలోంచి బయటికి చూశాను. కోటిబాబు దిగి, వెనక్కి నడుచుకుంటూ పోయి డీజే వ్యాను ఎక్కాడు. పోలండు టికెట్టు కొన్నట్టే అనుకున్నాను.

బావ స్టీరింగు పట్టాడు. చెట్లు, గోడలు, గేదెలు అన్నీ కలిసిపోయి కనపడ్డాయి. అక్క పై పిడి పట్టుకుని కళ్లు మూసుకుంది. వెనక కుర్రాళ్లకు ప్రాణం లేచొచ్చి కేకలు వేశారు. ఆ కేకలు ఊరి పొలిమేర మలుపు దాకానే. మలుపు అవతల చింతచెట్టు నీడలో కొత్తగా వచ్చిన ఎస్సై, చేతిలో తుపాకీలాంటి స్పీడు మీటరు.

"తొంభై రెండు" అన్నాడు ఎస్సై. "లైసెన్సు చూపించండి."

బావ ఎవరెవరికో ఫోను చేశాడు. ఎన్నికల రోజులు, ఎవరూ ఎత్తలేదు. లైసెన్సు తీసి ఇస్తే, దాని గడువు ఎప్పుడో తీరిపోయింది.

"మీరు నడపడానికి లేదు సార్. లైసెన్సు ఉన్నవాళ్లు ఎవరైనా బండి తీయండి" అన్నాడు ఎస్సై మర్యాదగానే.

బావ వెనక్కి తిరిగి, "ఎవరికుందిరా?" అని అరిచాడు. అంతమంది కుర్రాళ్లు. ఒకడు ఆకాశం చూశాడు, ఒకడు చైను సరిచేసుకున్నాడు. కొందరు బళ్లు తిప్పుకుని పొలాల్లోకి మాయమయ్యారు. నాకుంది గాని స్కూటరు వరకే.

"కోటిబాబుకు రెండున్నాయి" అంది అక్క.

కానీ డీజే వ్యాను ఇంకా రాలేదు. అందులో కోటిబాబు ఉన్నాడు కాబట్టి రాలేదు. ఆ డ్రైవరుకు ప్రతి బోర్డూ చూపించి, ఎంతలో పోవాలో చెబుతూ తీసుకొస్తున్నాడు. చివరికి పాట వినపడింది, తర్వాత వ్యాను వచ్చింది. రెండు పెద్ద స్పీకర్ల మధ్య నుంచి కోటిబాబు చెవులు మూసుకుని దిగాడు. మన లైసెన్సు, పోలండు లైసెన్సు రెండూ ఎస్సై ముందు పెట్టాడు. ఎస్సై పోలండుదాన్ని అటూ ఇటూ తిప్పి చూసి ముచ్చటపడ్డాడు.

మళ్లీ బయలుదేరాం. రోడ్డు ఖాళీ. ముల్లు సరిగ్గా బోర్డు చెప్పిన యాభై మీద. బావ గొంతు మారిపోయింది.

"కోటిబాబూ, నా బంగారం, గేటు మూసేస్తార్రా. ఈ ఒక్కసారికి తొక్కు. తొక్కావంటే నీకు జన్మంతా నా దగ్గరే ఉద్యోగం. లేదంటే ఆ పోలండే పో, మళ్లీ నా గడప తొక్కమాక."

కోటిబాబు మెడ వెనక చెమట ధారగా కారడం నాకు కనపడుతోంది. ఏసీ ఆడుతూనే ఉంది. అరవై. డెబ్భై. ముల్లు పైకి పోతోంది. తొక్కరా, నీ బతుకు ఇక్కడే ఉంటుంది, తొక్కు అని నేనూ లోపల అనుకున్నాను. అబద్ధమెందుకు.

అప్పుడు వాడు వెనకొచ్చే బండి కోసం పైనున్న అద్దంలోకి చూశాడు. అద్దంలో వాడి మొహం వాడికి కనపడినట్టుంది. కాలు తీసేశాడు. ముల్లు నెమ్మదిగా యాభైకి దిగింది.

"నావల్ల కాదండి" అన్నాడు.

బావ తల పట్టుకున్నాడు.

ఆఫీసుకు దూరంగా పోలీసులు గీసిన సున్నపు గీత దగ్గర కారు ఆపాలి. అక్కడి నుంచి నడవాలి. కానిస్టేబులు గేటు రెక్క తోస్తున్నాడు. కారు ఆగీ ఆగగానే అక్క బెల్టు తీసి, చీర కుచ్చిళ్లు చేత్తో పట్టుకుని పరుగెత్తింది. జీవితంలో ఆమె పరుగెత్తడం నేను చూడలేదు. ఫైలు నా చేతిలో ఉంది కాబట్టి నేనూ పరుగెత్తక తప్పలేదు. ఆ రోజు మొత్తం మీద లిమిటు దాటి పోయి పట్టుబడనిది మా అక్క ఒక్కతే. రెక్కల మధ్య సందులోంచి లోపలికి దూరింది. వెనక నేను, నా పొట్ట కూడా ఎలాగో దూరాం. చీటీ ఇచ్చి వరుసలో కూర్చోమన్నారు.

పని ముగించుకుని బయటికి వచ్చేసరికి కారు పక్కన బావ చెయ్యి చాపి నిలబడి ఉన్నాడు. కోటిబాబు తల వంచుకుని తాళం ఆ చేతిలో పెట్టాడు.

"నీకో దండం. రేపటి నుంచి రామాక" అన్నాడు బావ.

అక్క ఇంకా ఆయాసపడుతూనే ఉంది. వచ్చి బావ చేతిలోంచి తాళం తీసుకుంది.

"కారు ఎవరి పేరున ఉందండీ?" అంది.

బావ నా వైపు చూశాడు. నేను గేటు వైపు చూశాను.

"నా పేరునే గదా. మీరే చెప్పారు." తాళం కోటిబాబుకు ఇచ్చింది. "నా కారు ఇతనే నడుపుతాడు. ఊళ్లో అందరితో నేను మాట్లాడాల. ఈ స్పీడులో పోతేనే కుదురుద్ది." ముందు తలుపు తీసి, ముందు సీట్లో కూర్చుంది. "మీరు తమ్ముడి పక్కన కూర్చోండి."

బావ నా పక్కన కూర్చున్నాడు. కారు కదల్లేదు. కోటిబాబు అద్దంలోంచి చూస్తున్నాడు.

"బెల్టండి" అన్నాడు.

ఎన్నికల్లో అక్క గెలిచింది. అది తన కాన్వాయ్ మహిమేనని బావ ఇప్పటికీ చెప్పుకుంటాడు. అక్క కారు రోజూ నా కొట్టు ముందు నుంచే పోతుంది, అద్దం దించి. నా డబ్బాల మీద దుమ్ము పడటం లేదు.

పోలండు నుంచి ఫోన్లు ఆగిపోయాయి. మొన్న పొలానికి పోతుంటే కోటిబాబు కౌలు చేస్తున్న మిరపచేలో ఎవరో నిలబడి ఉన్నట్టు కనపడింది. దగ్గరికి పోయి చూస్తే దిష్టిబొమ్మ. ఒంటి మీద మోకాళ్ల దాకా పోలండు కోటు, మెడలో నిమ్మకాయల దండ. గట్టు మీద శ్రీదుర్గ కలుపు తీస్తూ, "బాగుందా బాబాయ్?" అని అడిగింది. మా రెంటచింతల ఎండలో దానికి ఎంత ఉక్కపోస్తుందో ఏమో గాని, చాలా బాగుందమ్మా అన్నాను.